ఒక లీటరు ఎకోబూస్ట్ ఇంజిన్: బలం ఎక్కడుంది, జబ్బు ఎక్కడ మొదలవుతుంది

నమస్కారం. నా ముందు బల్ల మీద ఒక తెల్ల కాగితం ఉంది, చూడండి. జిరాక్స్ దుకాణంలో దొరికే మామూలు ఎ4 కాగితం. ఫోర్డ్ వారి ఒక లీటరు ఎకోబూస్ట్ ఇంజిన్ బ్లాకును తెచ్చి దీని మీద నిలబెడితే కాగితం అంచులు దాటదు. ఇంత చిన్న ఇనుప దిమ్మ నుంచి 125 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత) శక్తి వస్తుంది. ఈ వీడియోలో దాని కొలతలు, పనితీరు, ఆ తర్వాత దానికి వచ్చే జబ్బులు చెబుతాను. మీ ఇంట్లో ఈ ఇంజిన్ ఉన్న ఫోర్డ్ ఎకోస్పోర్ట్ కారు ఉన్నా, సెకండ్ హ్యాండ్‌లో కొనాలని చూస్తున్నా, దయచేసి చివరిదాకా ఉండండి. బెల్టు గురించి చెప్పే భాగాన్ని మాత్రం దాటవేయకండి.

ముందు కొలతలు. మూడు సిలిండర్లు. బోరు, అంటే సిలిండర్ లోపలి వెడల్పు, 71.9 మిల్లీమీటర్లు. స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, 82 మిల్లీమీటర్లు. అన్నీ కలిపితే ఒక లీటరుకు ఒక వెంట్రుకవాసి తక్కువ. కంప్రెషన్ నిష్పత్తి, అంటే సిలిండర్‌లో గాలిని కుదించే నిష్పత్తి, 10కి 1. పెట్రోలు నేరుగా సిలిండర్ లోపలికే చిమ్ముతుంది, అంటే డైరెక్ట్ ఇంజెక్షన్. బ్లాకు పోత ఇనుము, దాని పైన మూతలా ఉండే హెడ్ అల్యూమినియం. మన దేశంలో 2013లో ఎకోస్పోర్ట్‌తో వచ్చినప్పుడు 125 పీఎస్, 170 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) అని ప్రకటించారు. ఆ టార్క్ 1,400 ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గరే అందడం మొదలై 4,500 దాకా దాదాపు అలాగే నిలుస్తుంది. మూడో గేరులో మెల్లగా వెళ్తూ యాక్సిలరేటర్ నొక్కితే బండి ముందుకు దూకుతుందని యజమానులు మురిసిపోయేది ఇందుకే.

ఇంగ్లండులోని ఎసెక్స్‌లో డంటన్ అనే చోట ఫోర్డ్ సాంకేతిక కేంద్రం ఉంది. ఈ ఇంజిన్‌ను అక్కడ రూపొందించారు. జర్మనీలోని కొలోన్‌లో, రొమేనియాలోని క్రయోవాలో తయారు చేశారు. 2012, 2013, 2014 సంవత్సరాల్లో వరసగా మూడుసార్లు ‘ఇంటర్నేషనల్ ఇంజిన్ ఆఫ్ ది ఇయర్’ పురస్కారం దీనికే దక్కింది. ఆ పురస్కారాలకు ఇది అర్హమైనదేనని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. జబ్బుల గురించి చెప్పబోతున్నాను కాబట్టి ఈ మాట ముందే చెప్పాలనిపించింది.

ఇప్పుడు ఇటు, టర్బో వైపు రండి. ఇంజిన్ బయటికి వదిలే పొగ వేగంతో ఈ పక్కనున్న చక్రం తిరుగుతుంది. అదే ఇరుసుకు అటు చివర ఇంకో చక్రం ఉంది. అది బయటి గాలిని లాగి, కుదించి, సిలిండర్లలోకి తోస్తుంది. గాలి ఎక్కువైతే పెట్రోలు ఎక్కువ కాల్చవచ్చు, అందుకే చిన్న ఇంజిన్ పెద్ద ఇంజిన్ పని చేస్తుంది. ఈ టర్బో ఇరుసు నిమిషానికి 2,48,000 చుట్ల దాకా తిరగగలదు. ఆ వేగంలో ఇరుసు లోహానికి తగలకుండా తేలేది పలుచని ఆయిల్ పొర మీద. ఆ పొర ఒక్క క్షణం తెగితే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. ఈ ఆయిల్ మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరకే వస్తాం.

ఇంకో విశేషం ఉంది. మామూలు ఇంజిన్లలో పొగ గొట్టాల గుత్తి, అంటే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్, హెడ్‌కు బయట బోల్టులతో బిగించి ఉంటుంది. ఇందులో దాన్ని హెడ్‌లోనే కలిపి పోత పోశారు. చుట్టూ కూలెంట్, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, ప్రవహిస్తుంది, పొగ టర్బోకు చేరేలోపు కొంత చల్లబడుతుంది, ఇంజిన్ కూడా త్వరగా వేడెక్కుతుంది. చక్కటి ఆలోచన. అయితే పొగలోని మంటంతా ఇప్పుడు అల్యూమినియం హెడ్ భరిస్తోంది. కూలెంట్ ఉన్నంతసేపూ ఇబ్బంది లేదు. కూలెంట్ పోయిందా, హెడ్ వంగడానికో, పగలడానికో ఎక్కువసేపు పట్టదు.

మొదటి జబ్బు పుట్టింది అక్కడే. తొలి సంవత్సరాల కార్లలో కూలెంట్ డబ్బాకు వెళ్లే ఒక సన్నని ప్లాస్టిక్ గొట్టం ఉండేది. డీగ్యాస్ గొట్టం అంటారు. వేడికి అది పెళుసుబారి చీలిపోయేది. బ్రిటన్‌లో ఎంతోమంది యజమానుల ఇంజిన్లు ఇలా పాడయ్యాయి, కంపెనీ తర్వాత ఆ గొట్టాన్ని మార్చింది. మీది పాత కారైతే ఆ గొట్టం ఎప్పుడైనా మార్చారా అని సర్వీసు రికార్డులో చూడండి. వారానికోసారి, ఇంజిన్ పూర్తిగా చల్లారాక, డబ్బాలో కూలెంట్ మట్టం చూడండి. కనిష్ఠ గీతకు దిగువన ఉంటే నీళ్లు పోసి సరిపెట్టకండి. ఎక్కడ కారుతోందో వెతికించండి. గొట్టాల అతుకుల దగ్గర తెల్లని లేదా రంగు మరకలు ఎండిపోయి కనిపిస్తే కారుతున్నట్టే. డాష్‌బోర్డు మీది ఉష్ణోగ్రత ముల్లు ఎర్ర గీతకు చేరేదాకా ఆగుదామనుకుంటే అప్పటికే హెడ్ దెబ్బతిని ఉండవచ్చు. కారు ఆపి, ఇంజిన్ కట్టేసి, వేడిగా ఉండగా మూత తిప్పకుండా, లాగించుకుని వెళ్లడమే క్షేమం.

ఇక అసలు విషయం, బెల్టు. ఇదిగో, నా చేతిలో ఉన్నది కొత్త టైమింగ్ బెల్టు. ముట్టుకుంటే మెత్తగా ఉంది, పళ్లు పదునుగా ఉన్నాయి. మనకు తెలిసిన రబ్బరు బెల్టులన్నీ ఇంజిన్ బయట, పొడిగా, ఒక ప్లాస్టిక్ మూత వెనుక తిరుగుతాయి. బెల్టు మీద ఒక్క చుక్క ఆయిల్ పడినా పాత మెకానిక్కులు మార్చేయమనేవారు. ఈ ఇంజిన్‌లో బెల్టు ఆయిల్‌లోనే తిరుగుతుంది. ఒకటి కాదు, రెండు. పిస్టన్లు తిప్పే క్రాంక్ నుంచి, వాల్వులు తెరిచే క్యామ్ షాఫ్టులకు వెళ్లేది ఒకటి, కింద ఆయిల్ పంపును తిప్పే చిన్నది మరొకటి. ఇలా చేస్తే రాపిడి తగ్గుతుంది, శబ్దం తగ్గుతుంది, ఆ మేరకు మైలేజీ పెరుగుతుంది. దీని కోసం ఆయిల్‌ను తట్టుకునే ప్రత్యేక రబ్బరు వాడారు. కాగితం మీద లెక్క సరిగ్గానే ఉంది.

లెక్క తప్పేది ఆయిల్ మారినప్పుడు. డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కొంత పెట్రోలు కాలకుండా సిలిండర్ గోడల వెంట జారి కింద సంప్‌లోని, అంటే ఇంజిన్ అడుగు తొట్టిలోని, ఆయిల్‌లో కలుస్తుంది. ఇంజిన్ బాగా వేడెక్కేలా దూరం నడిపితే అది ఆవిరైపోతుంది. ఇంటి నుంచి బడికి, బడి నుంచి కూరగాయల బజారుకు, రెండేసి కిలోమీటర్ల ప్రయాణాలే అయితే ఆవిరి కాదు, పేరుకుపోతుంది. పెట్రోలు కలిసిన ఆయిల్ రబ్బరును మెల్లగా తినేస్తుంది. కంపెనీ చెప్పని ఆయిల్ పోసినా అంతే. బెల్టు ఉబ్బుతుంది, పగుళ్లిస్తుంది, అంచుల నుంచి రబ్బరు పొడి రాలుతుంది.

ఆ పొడి ఎక్కడికి వెళ్తుంది? ఇదిగో, ఈ భాగం చూడండి. సంప్ అడుగున ఉండే స్ట్రైనర్. టీ వడగట్టే జాలీ లాంటిది. పంపు ఆయిల్‌ను దీని గుండానే పీలుస్తుంది. రబ్బరు పొడి వచ్చి ఈ జాలీ మీద మెత్తులా పరుచుకుంటుంది. పంపు పీలుస్తూనే ఉంటుంది, ఆయిల్ మాత్రం పైకి రాదు. డిప్‌స్టిక్, అంటే ఆయిల్ కొలిచే కడ్డీ, లాగి చూస్తే మట్టం సరిగ్గానే కనిపిస్తుంది, అందుకే చాలామంది మోసపోతారు. సంప్‌లో ఆయిల్ ఉంది, బేరింగులకు లేదు. ఇందాక చెప్పిన రెండు లక్షల చుట్ల టర్బో ఇరుసు తొలి బలి కావచ్చు. తర్వాత క్రాంక్ బేరింగులు. చివరికి బెల్టు పళ్లు ఊడితే వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి.

ఇది ఊహించి చెబుతున్నది కాదు. 2023 డిసెంబరులో అమెరికాలో ఫోర్డ్ 1,39,730 కార్లను వెనక్కి పిలిచింది. అన్నీ ఒక లీటరు ఇంజిన్ ఉన్న ఫోకస్, ఎకోస్పోర్ట్ కార్లు. కారణం ఆయిల్ పంపు బెల్టు పళ్లు ఊడటం, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్ విరగడం. ఆయిల్ ఒత్తిడి పోతే ఇంజిన్ ఆగిపోవచ్చు, బ్రేకుకు అందే సహాయం కూడా తగ్గవచ్చు. ఆ అమెరికా ఎకోస్పోర్టులు తయారైంది మన పొరుగున, చెన్నై దగ్గర మరైమలై నగర్ కర్మాగారంలోనే. అందుకే ఆ వార్త మనది కాదని వదిలేయలేకపోయాను.

మరి బెల్టు ఎప్పుడు మార్చాలి? బ్రిటన్‌లో కంపెనీ పెట్టిన గడువు 10 ఏళ్లు లేదా 2,40,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది. మనవాళ్లు కిలోమీటర్లే చూస్తారు. ‘బండి యాభై వేలే తిరిగింది, బెల్టు ఇప్పుడెందుకు’ అంటారు. నా అభిప్రాయంలో తక్కువ తిరిగిన కారుకే ప్రమాదం ఎక్కువ. తక్కువ తిరిగిందంటే చల్లని ఇంజిన్‌తో చిన్న చిన్న ప్రయాణాలు చేసిందన్నమాట. 2013లో కొన్న కారుకు పదేళ్లు ఎప్పుడో దాటిపోయాయి. నా కారైతే పదేళ్ల దాకా కూడా ఆగను. ఏడో ఏటో, ఎనిమిదో ఏటో సంప్ విప్పించి, స్ట్రైనర్ చూపించమని అడిగి, రెండు బెల్టులూ కలిపి మార్పిస్తాను. ఖర్చు తక్కువేమీ కాదు, కానీ ఇంజిన్ సీజ్ అయితే పెట్టే ఖర్చు ముందు చిన్నదే. 2018 తర్వాత యూరప్‌లో వచ్చిన సవరించిన ఇంజిన్‌లో టైమింగ్‌కు బెల్టు తీసి గొలుసు పెట్టారు. అందులోనూ ఆయిల్ పంపుకు బెల్టే. మీ కారులో ఏది ఉందో ఛాసిస్ నంబరు ఇచ్చి కనుక్కోండి.

ఈ పని ఎవరికి ఇస్తున్నారో జాగ్రత్త. క్రాంక్, క్యామ్ షాఫ్టులు కదలకుండా పట్టి ఉంచే ప్రత్యేక పనిముట్లు లేకుండా ఈ ఇంజిన్ టైమింగ్ ముట్టుకోకూడదు. పెయింటుతో గుర్తులు పెట్టి సరిపెడతామంటే మర్యాదగా వద్దని వచ్చేయండి.

ఆయిల్ సంగతి. ఈ ఇంజిన్‌కు చెప్పిన చిక్కదనం 5డబ్ల్యూ-20, ఫోర్డ్ ప్రమాణం డబ్ల్యూఎస్ఎస్-ఎం2సీ948-బీ. డబ్బా మీద ఆ సంఖ్య ఉందో లేదో మీ కళ్లతో చూడండి. ‘మన ఎండలకు ఇంత పలుచని ఆయిల్ ఆగదు, చిక్కనిది పోద్దాం’ అనే సలహా మంచి మనసుతోనే ఇస్తారు. పాత ఇంజిన్లకు ఆ మాట చెల్లింది. ఈ ఇంజిన్‌లో బెల్టు రబ్బరును ఈ ఆయిల్ కోసమే తయారు చేశారు, కాబట్టి వినకండి. ఊళ్లోనే తిరిగే కారైతే పుస్తకంలో రాసిన గడువుకు ముందే ఆయిల్ మార్చండి. డిప్‌స్టిక్ వాసన చూసే అలవాటు చేసుకోండి. పెట్రోలు వాసన ఘాటుగా వచ్చినా, మట్టం పెరిగినట్టు కనిపించినా వెంటనే మార్పించాలి.

మిగతావి త్వరగా చెబుతాను. పెట్రోలు వాల్వుల మీద పడదు కాబట్టి ఇన్‌టేక్ వాల్వుల వెనుక మసి పేరుకుంటుంది. ఇది డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లన్నిటికీ ఉన్నదే. పొద్దున స్టార్ట్ చేసినప్పుడు వణుకు, పికప్ తగ్గడం దాని లక్షణాలు, వాల్వులు శుభ్రం చేయిస్తే సరిపోతుంది. స్పార్క్ ప్లగ్గులు గడువుకు మార్చండి. నాలుగో గేరులో 1,200 ఆర్‌పీఎంతో ఘాట్ రోడ్డు ఎక్కుతూ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కకండి. చిన్న టర్బో ఇంజిన్లలో అలాంటప్పుడు పెట్రోలు వేళకు ముందే అంటుకుని పిస్టన్‌ను దెబ్బతీసే ప్రమాదముంది. గేరు తగ్గించండి. హైవే మీద వేగంగా వచ్చి ఆగినప్పుడు ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచి, టర్బో చల్లబడ్డాక తాళం తిప్పండి.

డాష్‌బోర్డు మీద ఆయిల్ డబ్బా బొమ్మతో ఎర్ర దీపం వెలిగితే మాత్రం ఇంటిదాకా వెళ్దామనుకోవద్దు. సురక్షితంగా పక్కకు తీసి అక్కడే ఇంజిన్ కట్టేయండి. వర్క్‌షాపులో సెన్సర్ స్థానంలో ఒత్తిడి మీటరు బిగించి కొలవమని అడగండి. కొలవకుండా సెన్సర్ ఒక్కటే మార్చి పంపితే ఒప్పుకోకండి.

ఫోర్డ్ 2021 సెప్టెంబరులో మన దేశంలో కార్ల తయారీ ఆపేస్తున్నట్టు చెప్పినా, సర్వీసు, విడిభాగాలు అందిస్తామని ప్రకటించింది. బెల్టులు తెప్పించుకునేటప్పుడు పార్టు నంబరు సరిచూసుకుని అసలువే తీసుకోండి. పని పూర్తయ్యాక ఒక చిన్న స్టిక్కర్ మీద బెల్టులు మార్చిన తేదీ, కిలోమీటర్లు, పోసిన ఆయిల్ ప్రమాణం రాసి బానెట్ లోపలివైపు అతికించండి. రేపు కారు చేతులు మారినా ఆ చీటీ బండితోనే వెళ్తుంది, కొన్నవాళ్లు బానెట్ ఎత్తగానే చదువుకుంటారు.