పగలగొట్టిన వంటగట్టు
(తిరుపతిలో ఇళ్లు కట్టుకుంటున్నవారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, ఇళ్లు కట్టుకుంటున్నవారికి, కట్టే మేస్త్రులకు నమస్కారం. నేరుగా విషయానికి వస్తాను.

మా వీధిలో ఒక కుటుంబం నిగనిగలాడే గ్రానైటు వంటగట్టును సుత్తులతో పగలగొట్టించింది. ఎవరో రేడియోధార్మికతను, అంటే కొన్ని పదార్థాల నుంచి వెలువడే కంటికి కనబడని కిరణాలను, పసిగట్టే చిన్న మీటరు తెచ్చి బండకు ఆనించారట. అది టిక్కుటిక్కుమంటే, క్యాన్సరు తప్పదన్నారట. అయ్యా, ఆ మీటరు ఖాళీ మైదానంలో పెట్టినా మోగుతుంది! మట్టిలో, రాతిలో, ఇటుకలో రేడియం, థోరియం, పొటాషియం-40 అనే రేడియోధార్మిక పదార్థాలు ఎంతో కొంత ఉండనే ఉంటాయి.

లెక్క వేసే పద్ధతి వేరు. కిలో పదార్థంలో ఒక్కోటి ఎన్ని బెకరెల్‌లు (రేడియోధార్మికతకు కొలమానం) ఉందో ప్రయోగశాలలో కొలుస్తారు. రేడియాన్ని 300తో, థోరియాన్ని 200తో, పొటాషియాన్ని 3000తో భాగించి కూడుతారు. ఆ మొత్తాన్నే సూచిక అంటారు. 1999లో ఐరోపా కమిషన్ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం గోడకు, స్లాబుకు వాడే సామగ్రిలో ఆ సూచిక 1 దాటకపోతే ఏడాదికి ఒంటికి అదనంగా తగిలే కిరణాల మోతాదు 1 మిల్లీసీవర్ట్ (ఆ మోతాదుకు కొలమానం) దాటదు. పైపైన పరిచే పలకలకైతే 6 వరకు ఫరవాలేదు.

కుప్పం వైపు నుంచి వచ్చిన బండ ఒకటి ఉందనుకోండి. రేడియం 60, థోరియం 150, పొటాషియం 1200 అనుకుందాం. సూచిక 1.35. నాలుగు గోడలూ దానితోనే కడితే ఆలోచించాలి. వంటగట్టుకు వేస్తే దిగులు అక్కరలేదు. ఆ ఇల్లాలికి ఈ మాట ఎవరూ చెప్పలేదు. డబ్బు పోయింది, నిద్ర పోయింది. నాకు కోపం అందుకే.

అదే ఇంట్లో ఏసీ కోసం కిటికీలన్నీ బిగించేశారు! రేడియం నుంచి పుట్టే రేడాన్ అనే రేడియోధార్మిక వాయువు ఎక్కువగా నేల లోంచి, కొంత గోడల లోంచి వస్తుంది. గాలి ఆడని గదిలో పేరుకుంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఘనపు మీటరుకు 100 బెకరెల్‌లు దాటనివ్వవద్దంటోంది. అమ్మా, మీ పడకగది కిటికీ రోజుకు ఎంతసేపు తెరుస్తున్నారు?

మేస్త్రులకు ఒక మాట. బొగ్గు కాలితే అందులోని రేడియం, థోరియం బూడిదలో చిక్కబడతాయి. ఆ బూడిదతో చేసే ఫ్లైయాష్ ఇటుకను వద్దనడం లేదు. గోడంతా దానితోనే లేస్తుంది కనుక ముందు పరీక్షించవలసింది దాన్నే. వేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954 నుంచి మన ఊళ్లోనే ఉంది. చుట్టుపక్కల ఆ ఇటుకలు తయారుచేసే చోట్ల నుంచి తలా నాలుగు ఇటుకలు తీసుకుని అక్కడి భౌతికశాస్త్ర విభాగాన్ని అడుగుదాం. నాతో వచ్చేవారు చేతులెత్తండి, పేర్లు ఇప్పుడే రాసుకుంటాను.