ప్లేస్‌మెంట్లు లేని ఏడాదిలో చదువు

సుధ: నమస్కారం. ఉద్యోగాల సంగతి ఏదీ తేలని రోజుల్లో కాలేజీ పిల్లలు చదువు మీద మనసు ఎలా నిలుపుకోవాలి, ఈ వారం అది మాట్లాడదాం అనుకున్నాం. కిరణ్ నాలుగు పాయింట్లు రాసుకొచ్చాడు.

కిరణ్: మూడే అక్కా. నాలుగోది ఏంటో అందరికీ తెలుసు.

సుధ: ఆ ఆన్‌లైన్ పాఠాలు, ఎన్‌పీటెల్ పేరు పది నిమిషాల దాకా ఎత్తనని మాటిచ్చావు.

కిరణ్: ఎత్తను. ముందు ఆ మెయిల్ సంగతి చెప్పండి.

సుధ: కాకినాడ నుంచి ఒక అమ్మాయి రాసింది. మెకానికల్, మూడో ఏడాది. వాళ్ల బ్రాంచికి కంపెనీలు రావట్లేదట. ఇంట్లోవాళ్లేమో సెలవుల్లో హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్లుండే అమీర్‌పేట వెళ్లి ఏఐ కోర్సు చెయ్యమంటున్నారు. పుస్తకం తెరవబుద్ధి కావట్లేదు అంటోంది.

కిరణ్: అమీర్‌పేట వద్దు.

సుధ: అంత తేలిగ్గా అనకు. నాది 2009 బ్యాచ్. 2008 సెప్టెంబరులో అమెరికాలో లేమన్ బ్రదర్స్ బ్యాంకు కూలింది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ లెక్కల బాగోతం బయటపడింది. ఆఫర్ లెటర్ చేతిలో ఉన్నవాళ్లకి కూడా జాయినింగ్ డేట్ రాలేదు. ఆ ఏడాది మమ్మల్ని నిలబెట్టింది అమీర్‌పేటే.

కిరణ్: కోర్సు నిలబెట్టిందా, ఫ్రెండ్స్ నిలబెట్టారా?

సుధ: రెండూ. మైత్రీవనం దగ్గర హాస్టల్ గదిలో ఐదుగురం. పొద్దున ఏడింటికి జావా క్లాసు. ఒకరు లేస్తే మిగతావాళ్లని లేపాల్సిందే. ఇంట్లో ఒంటరిగా ఉంటే మధ్యాహ్నం దాకా పడుకునేదాన్ని. పచ్చ కవరు నోట్స్ జిరాక్స్ కట్ట ఇప్పటికీ...

కిరణ్: అక్కా, ఆ జిరాక్స్ కథ వద్దు, ప్లీజ్.

సుధ: సరే, వదిలేశా.

కిరణ్: నేను చెప్పేది వేరు. అమీర్‌పేటలో కోర్సుల బోర్డులు చూడండి. మీ రోజుల్లో శాప్, టెస్టింగ్ టూల్స్. తర్వాత హడూప్, డేటా సైన్స్. ఇప్పుడు ఏఐ. లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ రాకుండా చేరితే ఒక టూల్ వస్తుంది. ఆ టూల్ పాతబడగానే మళ్లీ ఫీజు కట్టాలి. పైగా ఆ అమ్మాయి చేతిలో హీట్ ట్రాన్స్‌ఫర్ ఉంది, వేడి ఎలా ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్తుందో చెప్పే సబ్జెక్టు. దాన్ని పక్కన పెట్టేయమంటారా?

సుధ: హీట్ ట్రాన్స్‌ఫర్‌తో ఇప్పుడేం చేస్తుంది చెప్పు.

కిరణ్: విశాఖలో గూగుల్ డేటా సెంటర్ అని 2025 అక్టోబరులో ప్రకటించారు కదా, ఐదేళ్లలో పదిహేను బిలియన్ డాలర్లు అని. ఏఐ చిప్ తీసుకున్న కరెంటంతా చివరికి వేడిగానే బయటికి వస్తుంది. ఫ్యాన్ గాలి చాలక, చిప్ మీద సన్నటి గాడులున్న లోహపు పలక బిగించి అందులో ద్రవాన్ని పారిస్తున్నారు. ఆ వేడి చిల్లర్‌కి, అంటే చల్లబరిచే యంత్రానికి వెళ్లాలి, అక్కణ్ణుంచి కూలింగ్ టవర్‌కి. గాడి ఎంత సన్నగా ఉండాలి, ద్రవం ఎంత వేగంగా పారాలి, ఇదంతా ఆ అమ్మాయి సిలబస్సే! ఏఐ వెనక ఉన్న మెకానికల్ ఇది.

సుధ: వినడానికి బాగానే ఉంది. కానీ డేటా సెంటర్ నడపడానికి ఎంతమంది కావాలి? కట్టేటప్పుడు పని ఉంటుంది, కట్టాక తక్కువమందే. ఫ్రెషర్‌కి ఆ ఆశ చూపించకు.

కిరణ్: ఆశ చూపించట్లేదు. చదివింది పనికిరానిది కాదని చెబుతున్నా.

సుధ: ఆ మాట ఒప్పుకుంటా. కానీ ఒంటరిగా చదవమనడం ఒప్పుకోను.

కిరణ్: నేను 2020లో ఒంటరిగానే చదివా అక్కా. మార్చిలో లాక్‌డౌన్ పెట్టారు, హాస్టల్ ఖాళీ చేసి ఊరెళ్లిపోయాం. ఫోన్ సిగ్నల్ మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కనే వచ్చేది. అక్కడ కూర్చునే... ఇప్పుడు చెప్పొచ్చా?

సుధ: చెప్పు, పది నిమిషాలు దాటింది.

కిరణ్: ఎన్‌పీటెల్! ఐఐటీల పాఠాలు. చేరడానికి డబ్బు కట్టక్కర్లేదు. పన్నెండు వారాల కోర్సు తీసుకుంటే వారం వారం అసైన్‌మెంట్ ఉంటుంది. వాటిలో బాగా వచ్చిన ఎనిమిదింటికి పాతిక మార్కులు, సెంటర్‌కి వెళ్లి రాసే పరీక్షకి డెబ్బై అయిదు. పరీక్ష రాస్తేనే ఫీజు.

సుధ: వారం వారం గడువు ఉండటం మంచిదే. ఎప్పుడైనా చూడొచ్చు అనుకున్న వీడియో ఎప్పటికీ చూడం. అయితే ఇద్దరు ముగ్గురు కలిసి చేరాలి.

కిరణ్: కలిసే చేరమందాం.

సుధ: మెయిల్లో ఇంకో మాట కూడా ఉంది. చదవాలా వద్దా అని ఆలోచిస్తున్నా. వాళ్లకి ఫీజు రీయింబర్స్‌మెంట్ డబ్బు రాలేదట. కాలేజీ వాళ్లేమో ముందు మీరే కట్టండి అంటున్నారట. వాళ్ల నాన్నగారు అప్పు కోసం తిరుగుతున్నారు.

కిరణ్: ...ఇది ముందే చెప్పాల్సింది అక్కా.

సుధ: మనసు పెట్టి చదువుకో అని ఆ పిల్లకి ఏ మొహంతో చెబుతాం? రెండు రాష్ట్రాల్లోనూ బకాయిలు ఇలాగే పేరుకుపోతున్నాయి. టెన్షన్ పడేది మాత్రం పిల్లలు. నాకు కోపం వస్తోంది.

కిరణ్: ఫీజు రాలేదని కొన్ని కాలేజీలు సర్టిఫికెట్లు కూడా ఆపేస్తాయి. ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టిపెట్టుకోకూడదని యూనివర్సిటీల మీద అజమాయిషీ చేసే యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. వినేవాళ్లలో ఎవరికైనా ఆ ఇబ్బంది ఉంటే దాన్ని ప్రింట్ తీసి ప్రిన్సిపాల్‌కి రాతపూర్వకంగా ఇవ్వండి. ఇచ్చినట్టు సంతకం తీసుకోండి. నోటిమాటగా అడగొద్దు.

సుధ: ఒక్కరే వెళ్లొద్దు కూడా. పదిమంది కలిసి వెళ్లండి.

కిరణ్: మీరు దేనికైనా పదిమంది అంటారు.

సుధ: అంటాను. ఏదీ, నీ మూడు పాయింట్లు ఏమయ్యాయి?

కిరణ్: బ్యాక్‌లాగ్‌లు ముందు క్లియర్ చేసుకోండి. రోజూ గంట ఒకే సబ్జెక్టుకి ఇవ్వండి. మూడోది... నిద్ర. ఇక వివరంగా చెప్పే టైమ్ లేదు.

సుధ: ఆ అమ్మాయికి ఏం రాద్దాం?

కిరణ్: ఎన్‌పీటెల్ జులై సెషన్‌లో హీట్ ట్రాన్స్‌ఫర్ ఉందేమో చూసి లింకు పంపుతా. కన్వెక్షన్ చాప్టర్ దగ్గర చాలామంది ఆగిపోతారు, అక్కడ నన్ను అడగమనండి.

సుధ: నేను వాళ్ల నాన్నగారితో మాట్లాడతా. నంబర్ ఇచ్చింది.

కిరణ్: ఇప్పుడే చేస్తారా?

సుధ: ఇప్పుడే. మైక్ ఆపు.