టీకా ఏ కణానికి అందాలి?

సభాధ్యక్షులవారికి, మున్సిపల్ చైర్మన్ గారికి, గ్రంథాలయ కార్యదర్శిగారికి, ఈ ఊళ్లో పుస్తకం పట్టుకున్న ప్రతి పిల్లవాణ్నీ పేరు పెట్టి పిలిచే మన లైబ్రేరియన్ గారికి, వంట ముగించుకుని వచ్చిన అమ్మలకు, వంట మానేసి మరీ వచ్చినవాళ్లకు ఇంకాస్త ఎక్కువగా, నా నమస్కారాలు. గ్రంథాలయ వారోత్సవాల్లో మైక్రోబయాలజీ టీచర్‌ని పిలవాలన్న ఆలోచన ఎవరిదో గానీ వారి ధైర్యం గొప్పది. నాకు అరగంట అన్నారు. అందులో పది నిమిషాలు నా పరిచయానికే సరిపోయాయి కాబట్టి మిగతా మర్యాదలన్నీ జరిగినట్టే అనుకోండి.

కరపత్రంలో నా అంశం "రోగనిరోధక కణాలకు గురిపెట్టే టీకాలు" అని వేశారు. ఇదేదో అమెరికా ల్యాబుల సంగతి అనుకోకండి. ఈ హాల్లో కుక్క కరిచినవాళ్లు ఎంతమంది ఉన్నారు? చేతులెత్తండి, సిగ్గుపడాల్సింది మీరు కాదు, కుక్క. గవర్నమెంటు ఆసుపత్రికి వెళ్తే మీకు రెండు చేతులకూ రేబిస్ టీకాను చర్మంలోకి చిన్న పొక్కులా లేచేలా వేసి ఉంటారు. "ప్రైవేటులో నిండుగా వేస్తారు, ఇక్కడ చుక్క వేసి పంపేశారు" అని మీరు బయట తిట్టుకుని కూడా ఉంటారు. కండలోకి వేస్తే అర మిల్లీలీటరో, ఒక మిల్లీలీటరో కావాలి. చర్మంలోకి వేస్తే ఒక్కో చేతికి 0.1 చొప్పున మొత్తం 0.2 చాలు. అది పిసినారితనం కాదు. కండలో అరుదుగా ఉండే కాపలా కణాలు చర్మంలో దండిగా ఉంటాయి. మందు నేరుగా వాటి చేతికే అందుతుంది. అన్నట్టు, కుక్క కరిచిన వెంటనే గాయాన్ని సబ్బుతో, పారే నీళ్ల కింద పావుగంట కడగండి. పసుపు, కారం పెట్టకండి. ఇది నా అంశంలో లేదు, అయినా చెప్పకుండా ఉండలేను.

ఆ కాపలా కణాల పేరు డెండ్రైటిక్ కణాలు. 1973లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో రాల్ఫ్ స్టైన్‌మన్, జాన్విల్ కోన్ అనే ఇద్దరు ఎలుక ప్లీహంలో వీటిని గుర్తించి లోకానికి చెప్పారు. కొమ్మలు చాచినట్టుండే కణాలు, అవీ కొద్దిగానే. "ఇవేం కొత్తవి కావు, క్రిములను మింగే మాక్రోఫేజులని మనకు తెలిసినవే" అని చాలామంది కొట్టిపారేశారు. స్టైన్‌మన్ ఏళ్ల తరబడి అదే పని పట్టుకుని కూర్చున్నాడు. ఈ కణం క్రిమి ముక్కను మింగి, లింఫ్ గ్రంథికి మోసుకెళ్లి, అక్కడ పోరు నడిపే తెల్ల రక్తకణాలకు, అంటే టి కణాలకు చూపిస్తుంది. అది చూపించాకే కొత్త క్రిమి మీద టి కణాల పోరు మొదలవుతుంది.

ఒక తిరకాసు ఉంది. పెద్దవాళ్లకు పాత పోస్టుకార్డులు గుర్తుంటాయి. నాలుగు మూలలా పసుపు పూసి ఉంటే పెళ్లి కబురు. పైన "అశుభం" అని ఉంటే లోపలి సంగతి చదవకముందే ఇంట్లో ఏడుపు మొదలు. క్రిమి ముక్క కూడా అలాంటి కార్డే. దాని మీద "అశుభం" అన్న గుర్తు లేకపోతే టి కణాలు చదివి పక్కన పెట్టేస్తాయి. ఇది నా ఊహ కాదు. డెండ్రైటిక్ కణం మీద డెక్-205 అనే గ్రాహకం, అంటే సరుకు పట్టుకునే కొక్కెం లాంటిది, ఉంటుంది. దానికి అతుక్కునే యాంటీబాడీకి ఒక ప్రోటీన్ ముక్కను కట్టి, 2001లో రాక్‌ఫెల్లర్‌లోనే ఎలుకలకు ఇచ్చారు. సరుకు సరిగ్గా ఆ కణానికే అందింది. టి కణాలు కాసేపు హడావిడిగా పెరిగి, తర్వాత మాయమయ్యాయి. పైగా అదే ప్రోటీన్‌ను మళ్లీ ఇస్తే పట్టించుకోలేదు. ప్రమాద సంకేతాన్ని జోడించి ఇచ్చినప్పుడు మాత్రం నిలబడి పోరాడాయి. అంటే కణానికి అందించడం సగం పనే, ఏ గుర్తుతో అందించామన్నది మిగతా సగం. టీకాలో ఆ గుర్తు వేసే పదార్థాన్ని అడ్జువెంట్ అంటారు. మన కోవాక్సిన్‌లో పటిక జాతి పదార్థానికి అలాంటి అణువునే అంటించారు. వైరస్ జన్యుపదార్థాన్ని పసిగట్టే గ్రాహకాలను అది తట్టి లేపుతుంది.

ఇప్పుడు టైఫాయిడ్. నిజం చెప్పాలంటే నేను వచ్చింది దీనికోసమే.

టైఫాయిడ్ క్రిమి మీద వి-ఐ అనే చక్కెర పొర ఉంటుంది. పాత టీకాలో ఆ చక్కెర ఒక్కటే ఉండేది. బి కణాలు చక్కెరను గుర్తుపడతాయి, యాంటీబాడీలు చేస్తాయి. కానీ టి కణాలకు ప్రోటీన్ ముక్కలే కనిపిస్తాయి, ఉత్త చక్కెర వాటి కంటపడదు. టి కణం సాయం లేకపోతే జ్ఞాపకం నిలవదు. రెండేళ్లలోపు పిల్లలకైతే ఆ టీకా సరిగా పనిచేయదు. అందుకని హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ వాళ్లు ఆ చక్కెరను ధనుర్వాతం టీకాలోని ప్రోటీన్‌కు అతికించారు. బి కణం చక్కెరను పట్టుకుని మింగితే, దాంతోపాటు ప్రోటీనూ లోపలికి పోతుంది. ఆ ప్రోటీన్ ముక్కలను పైకి చూపిస్తే టి కణం వచ్చి సాయం చేస్తుంది. వచ్చింది ధనుర్వాతం ప్రోటీన్‌ను చూసి, సాయం అందింది టైఫాయిడ్ మీద పోరుకు! ఇంత అందమైన మోసం నేను పాఠాల్లో ఎన్నిసార్లు చెప్పినా నాకు విసుగు రాలేదు. దీని మూలసూత్రం 1929 నాటిది, అదీ రాక్‌ఫెల్లర్‌లోనే ఏవరీ, గోబెల్ చేసిన పని. మన టీకాకు 2018 ఆరంభంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం ప్రకటించింది. ఆరు నెలల పసివాడికీ వేయొచ్చు. ఒక్క డోసు. నేపాల్‌లో సుమారు 20 వేలమంది పిల్లల మీద చూస్తే 81 శాతానికి పైగా రక్షణ ఇచ్చింది.

మరి మన ఊళ్లో టైఫాయిడ్ అంటే ఏమిటి? వైడాల్ టెస్ట్! నిజం చెప్పండి, వైడాల్ చేయించుకోనివాళ్లు చేతులెత్తండి. చూశారా, లైబ్రేరియన్ గారొక్కరే.

మా ఇంట్లో పనిచేసే అమ్మాయి కొడుక్కి జ్వరం వచ్చింది. వీధి చివర ల్యాబుకు పంపారు. కాగితం మీద 1:80 అని వచ్చింది. "టైఫాయిడ్ ముదిరింది" అన్నారు. రోజూ రెండు పూటలా సెఫ్‌ట్రయాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్, ఒక సెలైన్ బాటిల్. ఆ అమ్మాయి చెవిదుద్దులు తాకట్టుకు పోయాయి. నాలుగో రోజు నా దగ్గరకు తీసుకొస్తే ప్లేట్‌లెట్లతో పాటు డెంగీ పరీక్ష కూడా చేయించాం. డెంగీ. ఆ ల్యాబు పేరు నేను చెప్పను, అలాంటివి ప్రతి వీధిలో ఉన్నాయి. వైడాల్ 1896 నాటి పరీక్ష. అది చూసేది క్రిమిని కాదు, యాంటీబాడీలను. మన ప్రాంతంలో ఏ జబ్బూ లేనివాళ్లకు కూడా 1:80 రావచ్చు. మందు మొదలుపెట్టే ముందు బ్లడ్ కల్చర్, అంటే రక్తంలోని క్రిమినే పెంచి చూసే పరీక్ష, చేయించండి. రెండు మూడు రోజులు ఆగాలి, డబ్బూ ఎక్కువే, తెలుసు. తాకట్టు కంటే తక్కువే.

ఇదే అలవాటు కోవిడ్‌లోనూ చూశాను. "నాకు యాంటీబాడీ రెండువేలు, మా బావగారికి మూడొందలే" అని క్రికెట్ స్కోర్లలా చెప్పుకున్నాం. ఏ టి కణం నేర్చుకుందో, ఏ బి కణం గుర్తుపెట్టుకుందో ఆ కాగితం చెప్పదు. కొలవడం తేలిక కాబట్టి కొలుస్తున్నాం, అంతే.

కోపంగా మాట్లాడుతున్నానా? కారణం ఉంది. పాకిస్తాన్‌లోని సింధ్‌లో కూడా ఒక హైదరాబాద్ ఉంది. 2016 చివర్లో అక్కడ సెఫ్‌ట్రయాక్సోన్‌కు కూడా లొంగని టైఫాయిడ్ పుట్టుకొచ్చింది. నోటితో ఇచ్చే మందుల్లో అజిత్రోమైసిన్ ఒక్కటే మిగిలింది. అప్పుడు ఆ హైదరాబాద్ పిల్లలకు వేసింది ఈ హైదరాబాద్‌లో తయారైన టీకానే. 2019 నవంబర్‌లో సింధ్‌లో రెండు వారాల్లో 90 లక్షలకు పైగా పిల్లలకు వేసి, మామూలు టీకాల పట్టికలో చేర్చారు. ఆ పని చేసిన తొలి దేశం పాకిస్తాన్. తయారుచేసిన చోట మాత్రం అది ఎక్కువగా డబ్బు పెట్టి వేయించుకోగలిగినవాళ్ల పిల్లలకే అందుతోంది. ఏ కణానికి అందాలో తేల్చిన సైన్సు, ఏ పిల్లాడికి అందాలో తేల్చలేదు. అది తేల్చాల్సింది మనం.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు, గమనించాను. మిగతాది పరుగులో చెప్తాను. రోగి రక్తం నుంచే కణాలు తీసి, బయట వాటికి క్యాన్సర్ గుర్తులు నేర్పి తిరిగి ఎక్కించే ప్రోస్టేట్ క్యాన్సర్ చికిత్సకు 2010లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఖర్చు 93 వేల డాలర్లు, సగటున పెరిగిన ఆయుష్షు నాలుగు నెలలు. ఎగిరి గంతేయాల్సినంతా లేదు, కొట్టిపారేయాల్సినంతా లేదు. ఎయిడ్స్ విషయంలో ఇంకా సూక్ష్మమైన గురి పెట్టారు. సరైన యాంటీబాడీ చేయగల బి కణాలు కొన్ని లక్షల్లో ఒకటే ఉంటాయి. ఆ ఒక్కదాన్నే తట్టి లేపే నానోకణాన్ని తయారుచేసి మనుషుల మీద చూశారు. 2022లో ఫలితాలు వచ్చాయి, 36 మందిలో 35 మందిలో ఆ కణాలు లేచాయి. అది మొదటి మెట్టు మాత్రమే, ఎయిడ్స్ టీకా వచ్చేసిందని రేపు వాట్సాప్‌లో పెట్టకండి.

స్టైన్‌మన్ కథ ముగించలేదు కదా. 2007లో ఆయనకే క్లోమ క్యాన్సర్ వచ్చింది. మామూలు చికిత్సతో పాటు తన కణాలతో చేసిన టీకాలను తన మీదే ప్రయోగింపజేసుకున్నాడు. నాలుగేళ్లకు పైగా బతికాడు. టీకా వల్లేనా అంటే ఒక్క మనిషిని చూసి ఎవరూ చెప్పలేరు. 2011 సెప్టెంబర్ 30న పోయాడు. అక్టోబర్ 3న ఆయనకు నోబెల్ ప్రకటించారు, పోయిన సంగతి కమిటీకి తెలియదు. బతికున్నవాళ్లకే ఇవ్వాలన్నది నియమం. తెలియక ప్రకటించాం కాబట్టి బహుమతి ఆయనదే అని నిలబెట్టారు.

చైర్మన్ గారూ, మీరు లేవబోతున్నారు, ఒక్క నిమిషం కూర్చోండి. 2018లో నవీ ముంబై మున్సిపాలిటీ ఎవరికోసమూ ఎదురుచూడకుండా లక్షమందికి పైగా పిల్లలకు ఈ టైఫాయిడ్ టీకా వేయించింది. మన మున్సిపాలిటీ వార్డుల్లో ఎంతమంది పిల్లలున్నారో అంగన్‌వాడీ టీచర్లు సాయంత్రానికల్లా లెక్క ఇస్తారు. కుళాయి నీళ్లు మురుగుకాలువ పక్కనుంచి వచ్చే వీధులేవో నాకంటే మీకే బాగా తెలుసు. వాటితో మొదలుపెట్టండి. ఉత్తరం నేను రాసే తెచ్చాను, ఇదిగో. సంతకాలు చేసేవాళ్లు టీ తాగాక రిజిస్టర్ బల్ల దగ్గరకు రండి.