తప్పుల ఇంగ్లీషే రానివ్వండి

(విశాఖపట్నం పౌర గ్రంథాలయంలో గురుపూజోత్సవం సందర్భంగా ఇంగ్లీషు ఉపాధ్యాయుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకూ, ఎండలో బస్సులు మారి వచ్చిన మాస్టార్లకూ, టీచరమ్మలకూ నమస్కారం. అందరినీ పేరుపేరునా తలుచుకోవాలని ఉంది గానీ నాకిచ్చింది పది నిమిషాలు. శాలువాలకే రెండు అయిపోయాయి.

హైస్కూలు పిల్లలకు ఇంగ్లీషు భాష, సాహిత్యం ఓనమాలు ఎలా చెప్పాలో మాట్లాడమన్నారు. కాగితాలు రాసుకొచ్చాను. వాటి జోలికి వెళ్ళేముందు, చాన్నాళ్ళుగా కడుపులో పెట్టుకున్న సంగతి ఒకటుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మన ఊరిని ఏం చేసిందో మీకు నేను చెప్పక్కర్లేదు. బడి తెరిచాక ఎనిమిదో తరగతి వాళ్ళని ఆ రోజు గురించి ఇంగ్లీషులో రాయమన్నాను. గైడు మూసేయమన్నాను. జాలారిపేట కుర్రాడొకడు నాలుగు వాక్యాలు రాశాడు: ‘సీ కేమ్ అవర్ హౌస్. రూఫ్ ఫ్లైడ్. మై మదర్ హోల్డెడ్ రైస్ బ్యాగ్. షి నాట్ క్రైడ్.’

ఆ వారమే తనిఖీకి ఒక అధికారి వచ్చారు. నోటుపుస్తకం తీసి ఎర్ర సిరాతో సున్నాలు చుట్టి, పిల్లలముందే, ‘ఇదేనా మీరు నేర్పుతున్న ఇంగ్లీషు?’ అన్నారు. కుర్రాడు తల దించుకున్నాడు. ఆ ఏడాదంతా వాడు గైడులో ఉన్నదే దింపాడు. చేతిరాత కుదిరింది, మార్కులూ వచ్చాయి. నాకు కోపం ఇప్పటికీ తగ్గలేదు.

ఏమండీ, ‘ఫ్లూ’, ‘హెల్డ్’ అనాల్సిన చోట వాడు రాసిన ‘ఫ్లైడ్’, ‘హోల్డెడ్’ ఏ గైడులో ఉన్నాయి? ఎవరూ చెప్పలేదు వాడికి. జరిగిపోయిన పనికి చివర ‘ఎడ్’ చేర్చాలన్న సూత్రం పట్టుకుని వాడే తయారు చేసుకున్నాడు. ఇంగ్లీషు ఇంట్లో పుట్టిన మూడేళ్ళ బిడ్డ కూడా అలాగే అంటుంది. బట్టీ పట్టేవాడికి ఆ తప్పు రాదు, నేర్చుకునేవాడికే వస్తుంది.

ఆ రోజు అధికారి వెళ్ళాక ‘వాళ్ళమ్మ ఎందుకు ఏడవలేదు?’ అని క్లాసుని అడిగాను. తెలుగులోనే చెప్పమన్నాను. ‘ఏడుస్తూ కూచుంటే బియ్యం తడిసిపోవా?’ అందొక పిల్ల. ‘మేం భయపడతామని’ అన్నాడు ఇంకొకడు. తర్వాత అవే మాటలు వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పించాను. పాత్ర అలా ఎందుకు చేసిందో ఆలోచించడం సాహిత్యం కాకపోతే మరేమిటి? కవి పుట్టిన సంవత్సరమా?

ఇన్‌స్పెక్టర్లందరూ ఒకటే అనను. నూరేళ్ళ పైమాట, యేట్స్ అనే ఇన్‌స్పెక్టరు దొర మన ఉత్తర జిల్లాల బడులు చూడటానికి వచ్చి, జనం మాట్లాడే తెలుగుకీ పుస్తకాల తెలుగుకీ ఇంత దూరమెందుకని అడిగాడు. గిడుగు రామమూర్తిగారు, ఈ ఊళ్ళోనే ఏవీఎన్ కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారు ఆ ప్రశ్న పట్టుకున్నారు. గిడుగువారైతే సవర గిరిజన పిల్లలకు చదువు చెప్పాలని ముందు తాను సవర నేర్చుకున్నారు. మొన్న ఆగస్టు 29న, తెలుగు భాషా దినోత్సవం నాడు, దండలు వేశాం కదా, ఆయనకే.

కాగితాల్లోంచి ఒక్కటైనా చెప్పాలి కాబట్టి పద్యం సంగతి. మన పద్యం గురులఘువుల లెక్క మీద నడుస్తుంది. ఇంగ్లీషు పద్యం ఊనిక మీద, అంటే మాటలో గట్టిగా పలికే చోటు మీద. అర్థం చెప్పేముందు ఊనిక పడ్డచోటల్లా చప్పట్లు కొట్టించండి. కళ్ళు మూసుకు కూచున్న వెనక బెంచీ కూడా లేస్తుంది. అర్థం రెండోరోజు చెప్పినా కొంపలేం మునగవు.

పదో తరగతి పేపరు నూరు మార్కులకి, ముప్ఫై ఐదొస్తే పాసు, నాకూ తెలుసు. జూన్ నుంచే ఆ టెన్షన్ పెట్టి యాక్టివ్, పాసివ్ తిరగేయిస్తే, మార్చిలో ఇచ్చిన తెలియని పేరా చదవగలడా? హెడ్మాస్టర్లు ఇక్కడున్నారు కాబట్టి అడుగుతున్నా: వారానికి ఒక పీరియడు పరీక్షతో సంబంధం లేకుండా కథ చదివి వినిపించడానికి వదలండి. ఆ గంటలో ఎర్ర పెన్ను జేబులోంచి తియ్యొద్దు.

కథల పుస్తకాలు లేవంటారా? చాలా బళ్ళలో ఉన్నాయి, బీరువాలో. సోమవారం వెళ్ళగానే ఆ తాళం ఎవరి దగ్గరుందో కనుక్కోండి. అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు, సెలవు.