రాగి రేకు మీద సోదెమ్మలు

అందరికీ నమస్కారం. ముందు తెర మీది బొమ్మ చూడండి. కూర్చున్న ఒకామె. అంచుల నిండా పనితనం ఉన్న బరువైన బట్టలు, తల మీద వింత అలంకారం, పక్కనే మెలికలు తిరిగిన రాతపట్టీ. కింద ఎనిమిది పాదాల ఇటాలియన్ పద్యం. 1470ల్లో ఫ్లోరెన్స్‌లో బాచో బాల్దినీ రాగి రేకుల మీద చెక్కాడని చెప్పుకునే ముద్రణ చిత్రాల వరసలోది ఇది. ఈమె ఒక సిబిల్. అన్యమతస్థురాలే అయినా క్రీస్తు రాకను ముందే పలికిందని క్రైస్తవులు నమ్మిన స్త్రీ.

తెలుగులో ఈమెను ఏమనాలా అని చాలా తన్నుకులాడాను. ‘ప్రవక్త్రి’ అంటే వ్యాకరణం వాసన కొడుతుంది. ‘సోదెమ్మ’ దగ్గరగా ఉంది కానీ, సోది అంటే పనికిమాలిన కబుర్లని మనమే అర్థం మార్చేశాం. సరే, సిబిల్ అనే అందాం.

ఇప్పుడు అక్షరాల దగ్గరికి రండి. రాగి రేకు మీద ఉలితో గీసేటప్పుడు ప్రతి అక్షరాన్నీ తిరగేసి, కుడి నుంచి ఎడమకు చెక్కాలి. అప్పుడే కాగితం మీద సూటిగా పడుతుంది. అంత శ్రమపడి ఈమె పేరున పెట్టిన పద్యం ఈమెది కాదు. మేరీమాతకు దేవదూత శుభవార్త చెప్పే ఘట్టంపై ఫ్లోరెన్స్‌లో ఆడే భక్తి నాటకంతో ముడిపడ్డ పద్యాలివి. నోరు ఆడదానిది, మాట మగవాళ్లది.

లెక్క కూడా చూడండి. పాత రోమన్ జాబితాలో సిబిల్‌లు పదిమందే. పదిహేనో శతాబ్దంలో ఇద్దరిని చేర్చి, క్రీస్తు ముఖ్య శిష్యులైన అపొస్తలులకు సమానంగా 12 చేశారు. అదే వరసలో మగ ప్రవక్తలు 24 మంది! గౌరవం ఇచ్చారు, సగం ఇచ్చారు.

సిబిల్‌తో ఒక సౌకర్యం ఉంది: ఆమె ఎదురు తిరిగి మాట్లాడదు. బతికున్న ప్రవక్త్రి సంగతి వేరు. నార్నీ ఊరి లూచియా బ్రొకాదెల్లీ ఒంటి మీద 1496లో సిలువ మీద క్రీస్తుకు తగిలిన గాయాల్లాంటివి కనిపించాయన్నారు. ఫెరారా ప్రభువు ఎర్కోలే ఆమెను తన నగరానికి రప్పించుకోవాలని పట్టుబట్టాడు. 1499లో విటెర్బో నుంచి దొంగచాటుగా తరలించారు, బట్టల గంపలో దాచి తెచ్చారని కథ. ఆమెకోసం మఠం కట్టించాడు. ఆమె మహిమలకు సాక్ష్యంగా అతను రాసిన ఉత్తరాలు 1501లో అచ్చయ్యాయి. అచ్చులోకి వెళ్లింది ఆమె పేరు, పూచీ పడింది ప్రభువు. 1505లో ఆయన పోయాడు. మఠం పెద్దగా ఆమె పదవీ పోయింది. 1544లో కన్నుమూసేదాకా ఆ మఠం గోడల మధ్యే, దాదాపు అందరూ మరిచిపోయిన మనిషిగా బతికింది.

ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. బాల్దినీ రేకులు చెక్కుతున్న రోజుల్లోనే, అదే ఫ్లోరెన్స్‌లో, రిపోలీ మఠం ముద్రణాలయంలో సన్యాసినులు సీసపు అక్షరాలు కూర్చేవారు. అవీ తిరగేసినవే.

తన పేరు తానే రేకు మీద చెక్కుకున్న స్త్రీ కోసం ఇటలీ మరో వందేళ్లు ఆగింది. మాంటువాకు చెందిన డయానా స్కల్టోరీ 1575లో రోమ్‌కు వచ్చి, తన ముద్రణలు అమ్ముకోవడానికి పోప్ నుంచి అనుమతి పత్రం తీసుకుంది. తర్వాతి బొమ్మ ఆమెది. సంతకం ఎక్కడుందో మీరే వెతకండి.