చెయ్యి ఎత్తి చూడండి

శ్రోతలకు నమస్కారం. ఖరీదైన బ్యాగుల మీద, బూట్ల మీద బలెన్సియాగా అన్న పేరు మీలో కొందరు చూసే ఉంటారు. ఆ పేరు గల మనిషి గురించి ఈ పూట మాట్లాడుకుందాం.

క్రిస్టోబల్ బలెన్సియాగా 1895లో స్పెయిన్ ఉత్తర తీరాన గెటారియా అనే జాలర్ల ఊళ్లో పుట్టారు. తండ్రి త్వరగా పోయారు. తల్లి బట్టలు కుట్టి పిల్లల్ని సాకింది. ఆమె పక్కన కూర్చునే ఆయనా సూది పట్టారు. సాన్ సెబాస్టియన్‌లో సొంత దుకాణం పెట్టి పేరు తెచ్చుకున్నారు. ఇంతలో అంతర్యుద్ధం వచ్చింది. పారిస్ వెళ్లి 1937లో అక్కడ తన ఫ్యాషన్ దుస్తుల సంస్థ మొదలుపెట్టారు. 1968 దాకా పారిస్‌లో ఆయన మాటకు తిరుగులేదు. 1957లో నడుము దగ్గర బిగింపు లేని వదులు గౌను తెచ్చినప్పుడు చాలామంది ముఖం చిట్లించారు. తర్వాత లోకమంతా అదే తొడిగింది.

నాకు మాత్రం ఆయన పేరు వినగానే గుర్తొచ్చేది చెయ్యి. అంటే బట్టకు భుజం దగ్గర అతికి కుట్టే చెయ్యి, స్లీవ్. ఆయనకు అదే ప్రాణం. అంతా కుట్టేసిన జాకెట్‌కు కూడా చెయ్యి కుదరలేదనిపిస్తే కుట్లు విప్పేసేవారు. మళ్లీ పెట్టేవారు. నచ్చకపోతే మళ్లీ విప్పేవారు.

ఎందుకంత పట్టుదల? మన చెయ్యి తిన్నగా కిందికి వేలాడదు, కాస్త ముందుకు వంగి ఉంటుంది. పైగా చేతి గుడ్డ పైఅంచు చంక చుట్టుకొలత కంటే కొంచెం ఎక్కువే ఉంటుంది. ఆ ఎక్కువను ముడత కనబడకుండా భుజం మీద సర్దాలి. కొంచెం అటూ ఇటూ అయితే గుడ్డ మెలి తిరుగుతుంది, చెయ్యి కదిపితే పట్టేస్తుంది. చూసేవాళ్లకు తెలియదు, తొడుక్కున్నవాళ్లకు తెలుస్తుంది. తొడుక్కున్న మనిషి సుఖం కోసం అంత పెద్దాయన కుట్లు విప్పుకుంటూ కూర్చోవడం నాకు ఎంతో గొప్పగా అనిపిస్తుంది. ప్రతి కలెక్షన్‌లో, అంటే ఒక్కో విడతకు తెచ్చే కొత్త బట్టల్లో, ఒక నల్ల గౌను మొదలు నుంచి చివరి దాకా తానే కుట్టేవారని కూడా చెబుతారు.

మరి మనకు పనికొచ్చే మాట ఒకటి చెబుతాను. బ్లౌజ్ గానీ, చొక్కా గానీ ట్రయల్‌కు ఇచ్చినప్పుడు అద్దం ముందు ఊరికే నిలబడకండి. చెయ్యి పైకెత్తండి. పై అరలో డబ్బా అందుకున్నట్టు ఎత్తండి. బట్ట మొత్తం పైకి లేచిపోతోందా? చాలాసార్లు దానికి కారణం చంక మరీ కిందికి కత్తిరించడమే. వదులుగా ఉంటే హాయి అనుకుంటాం గానీ, చంక ఒంటికి దగ్గరగా ఉంటేనే చెయ్యి బాగా ఆడుతుంది. ఒకసారి కిందికి కత్తిరించాక గుడ్డ తిరిగి రాదు. అందుకే కొలతలు ఇచ్చే రోజే చెప్పండి: చంక మరీ దించొద్దని.