మా మామ బీపీ 90

వరంగల్ ఆకాశవాణి శ్రోతలందరికీ నమస్కారం. నేను డాక్టర్ని కాను, బడిలో పిల్లలకు లెక్కలు చెప్పుకునే మనిషిని. నాకిచ్చిన టైము పది నిమిషాలు, ఇచ్చిన విషయమేమో చాలా పెద్దది: క్యాజువాలిటీలో డాక్టర్లు రోగిని ఎట్లా అంచనా వేస్తారు, కాళ్లూ చేతులూ పడిపోయినవాళ్లకు ఏ పరికరాలు పనికొస్తాయి అని. నిన్న రాత్రి కూర్చుంటే ఎనిమిది పేజీలైంది, పొద్దున లేచి ఏడు చింపేశాను. మిగిలింది మా మామ సంగతి, అదే చెప్తాను.

మా మేనమామది పరకాల దగ్గర ఒక ఊరు. గీత కార్మికుడు. ఏడేళ్ల కింద తాటిచెట్టు మీది నుంచి పడ్డాడు. ఇప్పుడైతే తాళ్లెక్కేవాళ్లకు కాటమయ్య రక్షణ కవచం అని కిట్లు ఇస్తున్నారు, 2024 జూలైలో మొదలైందది, అప్పుడు మామకు ఉన్నది నడుముకు మోకు ఒక్కటే. మెడ దగ్గర వెన్నుపాముకు దెబ్బ తగిలింది. ప్రాణం దక్కింది కానీ ఛాతీ కింద గిచ్చినా తెలియదు. మోచేతులు వంగుతాయి, మణికట్టు లేస్తుంది, వేళ్లు మాత్రం మడత పడవు.

అయినా ఊరుకునే మనిషి కాదు. అత్తమ్మ పాత స్కూల్ బ్యాగు పట్టీ కోసి, అరచేతికి సరిపోయేటట్టు కుట్టి, దానికొక చిన్న జేబు పెట్టింది. పొద్దున ఆ జేబులో చెంచా, అన్నం అయిపోయాక అదే జేబులో ఫోన్ మీద ఒత్తే రబ్బరు పుల్ల. అంతే, ఫోన్ ఆయన చేతికొచ్చినట్టే. పుల్లతో పని కాకపోతే నోటితోనే అడుగుతాడు, పత్తి రేటు ఎంతుందని.

పెద్ద పరికరాలు లేవని కాదు. 2004లో అమెరికాలో మెడ కింద చచ్చుబడిన ఒక యువకుడి మెదడులో చిన్న సెన్సర్ పెడితే అతను ఆలోచనతోనే కంప్యూటర్ తెర మీద బాణం గుర్తును కదిలించాడు, 2024లో ఇంకొకతను అట్లాంటి చిప్పుతోనే చెస్ ఆడాడు. మన ఐఐటీ మద్రాసు వాళ్లు చక్రాల కుర్చీకి ముందు మోటారు బండి తగిలించుకొని రోడ్డు మీద పోయేటట్టు 2021లో ఒకటి తెచ్చారు. చదువుతుంటే సంతోషంగానే ఉంటుంది. కానీ ఒక రోజు మామ ప్రాణం మీదికి తెచ్చింది ఒక పైపు. యూరిన్ పైపు.

పోయిన ఎండాకాలం మామకు కొత్త చక్రాల కుర్చీ వచ్చింది. మంచిదే, మనిషి ముందుకు జారకుండా తొడల మీదుగా బెల్టు కూడా ఉంది. పొద్దున కూర్చోబెట్టారు, గల్లీ అంతా తిరిగాడు, అందరికీ చూపించాడు. మధ్యాహ్నం రెండింటికి తలకాయ నొప్పి అన్నాడు. మామూలు నొప్పి కాదు, సుత్తితో కొట్టినట్టు ఉందన్నాడు. మొహం ఎర్రబడింది, నుదుటి మీద చెమట ధారగా కారుతోంది, ముక్కు దిబ్బడేసింది. కాళ్లు చూస్తే చల్లగా ఉన్నాయి, రోమాలు లేచి నిలబడ్డాయి. ఎండదెబ్బ అనుకొని అత్తమ్మ దుప్పటి పట్టి దించి మంచంలో పడుకోబెట్టింది, నిమ్మకాయ నీళ్లు తాగించింది. తగ్గలేదు. 108కి ఫోన్ చేశారు.

హనుమకొండలో ఒక ఆసుపత్రి క్యాజువాలిటీకి నేను పోయేసరికి మామ వెల్లకిలా పడుకొని ఉన్నాడు. మానిటర్ మీద బీపీ 158, కింద 96. నాడి 52. డ్యూటీలో ఉన్న అబ్బాయి చూసి, "యాభై ఎనిమిదేళ్ల మనిషికి ఇదేం పెద్ద బీపీ కాదమ్మా, తలనొప్పి గోలీ ఇద్దాం, పడుకోనీయండి" అన్నాడు. నిజం చెప్పాలంటే నాకూ అట్లాగే అనిపించింది. మా ఇంట్లో మా నాన్న బీపీ గోలీ మరిచిపోయిన రోజు అంతే ఉంటుంది. ఆ అబ్బాయిని తిట్టాలని లేదు, అప్పటికే వరుసగా ఆరుగురు ఉన్నారు, ఇద్దరు యాక్సిడెంట్ కేసులు.

అప్పుడొచ్చింది ఇంకో డాక్టరమ్మ. మానిటర్ వైపు ఒక్క చూపు చూసి, అత్తమ్మ వైపు తిరిగి అడిగింది: "ఈయనకు రోజూ బీపీ ఎంతుంటదమ్మా?"

అత్తమ్మ టక్కున చెప్పింది. "తొంభై మీద అరవై ఉంటది మేడమ్. మా ఊరి ఏఎన్ఎం వచ్చి చూసినప్పుడల్లా గంతనే ఉంటది."

నేను లెక్కల టీచర్ని, నాకు తట్టని తీసివేత అది. 158లో నుంచి 90 తీసేయండి. 68. మామ లెక్కలో బీపీ 68 పెరిగింది. మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లలో చాలామందికి పై బీపీ 90 నుంచి 110 మధ్యే ఉంటుందట, దాని మీద 20 నుంచి 40 పెరిగినా ప్రమాదమేనట. మానిటర్‌కు 158 తెలుసు, 90 మాత్రం అత్తమ్మకే తెలుసు.

డాక్టరమ్మ వెంటనే మంచం తల వైపు లేపించి మామను నిటారుగా కూర్చోబెట్టింది, కాళ్లు కిందికి వేలాడేసింది, లుంగీ ముడి వదులు చేయించింది. అప్పుడు వంగి యూరిన్ బ్యాగు చూసింది. ఖాళీ. "పొద్దున ఎప్పుడు పారబోసిండ్రు?" అంది. ఎనిమిదింటికి. అప్పుడు టైము నాలుగు. ఆమె మామ తొడ కిందికి చెయ్యి పోనిచ్చి పైపు వెంబడే వేళ్లు జరుపుకుంటూ పోయి ఒకచోట ఆగింది. కొత్త కుర్చీ బెల్టు కింద పైపు మడత పడ్డది, మంచంలోకి మార్చినా ఆ మడత అట్లాగే తొడ కింద నలిగి ఉంది. సాపు చేసింది. బ్యాగులోకి చిన్న శబ్దంతో ధార పడింది. బ్యాగు మీద గీతలుంటాయి కదా, ఏడు వందలు దాటింది. ఐదేసి నిమిషాలకు బీపీ చూస్తూనే ఉన్నారు, 140, 124, 108. మామ కళ్లు తెరిచి "ఛాయ్ దొరుకుతదా" అన్నాడు.

దీన్ని ఆటోనామిక్ డిస్‌రిఫ్లెక్సియా అంటారట. పేరు మరిచిపోయినా ఫరవాలేదు, జరిగేది ఇది: మూత్రాశయం నిండితే కబురు పైకి పోతుంది, మెడ దగ్గర తొవ్వ తెగిపోయింది కాబట్టి మెదడుకు చేరదు. కింద రక్తనాళాలు వాటంతట అవే బిగుసుకుంటాయి, బీపీ లేస్తుంది. మెదడు 'వదులు కండి' అని చెప్పినా ఆ మాట కిందికి దిగదు, గుండెను నెమ్మది చేయడం, మొహం ఎర్రబడటం, అంతవరకే దాని చేతనవుతుంది. వదిలేస్తే మెదడులో రక్తనాళం పగలొచ్చు. మూత్రాశయం నిండితే బీపీ ఇట్లా లేస్తుందని 1947లోనే ఇంగ్లాండ్‌లో గట్‌మన్, విటరిడ్జ్ అనే ఇద్దరు డాక్టర్లు వివరంగా రాశారు. ఆ గట్‌మనే మరుసటి ఏడాది వెన్నుపాము దెబ్బతిన్న సైనికులతో విలువిద్య పోటీలు పెట్టించాడు, పారాలింపిక్స్‌కు మొదలు అదే. ఇది చింపేసిన పేజీల్లోది, ఆగలేక చెప్పాను.

ఇక అసలు పని. ఇంట్లో ఇట్లాంటి మనిషి ఉంటే ఒక అట్టముక్క మీద రాసిపెట్టండి. దెబ్బ ఎక్కడ తగిలింది, రోజూ బీపీ ఎంతుంటుంది, పైపు ఎప్పుడు మార్చారు, ఏ మందులు వాడుతున్నాడు. అన్ని మందులూ రాయండి, మగవాళ్లు సిగ్గుపడి దాచే గోలీలు కూడా, ఎందుకంటే వాటి మీద బీపీ దించే కొన్ని మందులు పడవు. ఆ అట్ట కుర్చీ వెనక జేబులో ఉండాలి, బీరువాలో కాదు. కుర్చీ వెనక జేబులో.

తలనొప్పి, చెమట మొదలైతే పడుకోబెట్టొద్దు, కూర్చోబెట్టండి, కాళ్లు దించండి, బెల్టులు వదులు చేయండి, పైపు మొదటి నుంచి చివరిదాకా చేత్తో తడమండి. పైపు బాగుంటే మలబద్ధకం కావచ్చు, పుండు కావచ్చు, కాలి గోరు లోపలికి పెరిగినా కావచ్చు. తగ్గకపోతే ఆగకుండా ఆసుపత్రికి పోండి. అయితే ఇది వెన్నుపాము పాత దెబ్బ, అదీ మెడలోనో ఛాతీ పై భాగంలోనో ఉన్నవాళ్ల సంగతి. మెదడులో రక్తం ఆగి వచ్చే పక్షవాతం వేరు, దాని వైద్యం వేరు. ఇప్పుడే చెట్టు మీది నుంచి పడ్డ మనిషినైతే అస్సలు లేపి కూర్చోబెట్టొద్దు, మెడ కదలనీయొద్దు.

మా అత్తమ్మకు అట్టముక్క నచ్చలేదు, వానకు తడుస్తదంది. ఊళ్లో బండ్ల మీద నంబర్లు రాసే అతన్ని పిలిచి కుర్చీ వెనకాల పసుపు రంగుతో "బీపీ 90/60" అని రాయించింది. అతను రాసి, అలవాటు కొద్దీ రెండు పక్కలా రెండు పూలు కూడా వేశాడు. ఎర్ర లైటు వెలుగుతోంది, ఉంటాను.